పెరట్లో దోమలు: పొగ కన్నా ముందు నీళ్లు చూడండి

టార్చిలైటు, పొడుగు కాడ గరిటె పట్టుకుని ఇంటింటి పెరట్లో దోమ లార్వా, అంటే దోమగా మారకముందు నీళ్లలో తిరిగే పిల్ల పురుగులు, వెతకడం నా పని. వానలు మొదలైతే చాలు, అందరూ అడిగేది ఒకటే: "మందు కొట్టకుండా దోమలు పోయే దారి చెప్పండి." ఆ దారి నీళ్ల దగ్గర ఉంది. చాలామంది మొక్కల దగ్గర, పొగ దగ్గర వెతుకుతున్నారు.

అపోహ: తులసి, నిమ్మగడ్డి, బంతి నాటితే దోమలు రావు.

నిమ్మగడ్డి లాంటి ఆకుల నూనెకు దోమను దూరం పెట్టే గుణం ఉంది. కానీ ఆకు నలిపితేనో, నూనె తీసి ఒంటికి రాసుకుంటేనో పనిచేస్తుంది, అదీ కాసేపే. కుండీలో ఉన్న మొక్క పెరడంతా కాపలా కాయలేదు. పైగా నిమ్మగడ్డి కుండీ కింది పళ్లెంలోనే లార్వా తిరుగుతుండగా ఎన్నోసార్లు చూశాను. మొక్కలు పెంచుకోండి, పళ్లెంలో మాత్రం నీళ్లు బదులు ఇసుక పోయండి.

అపోహ: మా ఇంట్లో మురుగు లేదు, మాకు దోమల భయం లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పుట్టేది క్యూలెక్స్ అనే రకం దోమ. రాత్రిపూట కుట్టి, బోదకాలు వ్యాపింపజేసేది అది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ శుభ్రమైన నీళ్లు నిలిచిన చోట గుడ్లు పెట్టి, పొద్దున్నా, చీకటి పడే ముందూ కుడుతుంది. దానికి దోసెడు నీళ్లు చాలు. కొబ్బరి చిప్ప, పాత టైరు, పిట్టలకు పెట్టిన మూకుడు, మనీ ప్లాంట్ సీసా, ఫ్రిజ్ వెనక ట్రే, ఏదైనా సరే.

ఒకింట్లో పెద్దావిడ, "రోజూ వేపాకు పొగ వేస్తున్నాను బాబూ, మనవడికి డెంగీ ఎలా వచ్చింది?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పొగ వేసే చోటికి నాలుగడుగుల్లో వాడకుండా వదిలేసిన రోలు ఉంది. అందులో వాననీళ్లు, ఆ నీళ్లలో మెలికలు తిరుగుతూ లార్వా. ఆమె అత్తగారి కాలం నాటి రోలు, ఇద్దరం పట్టినా కదల్లేదు. నీళ్లు తోడేసి, లోపల తోమి, నిండా ఇసుక పోశాం. ఏడిస్ సాధారణంగా పుట్టిన చోటు నుంచి చాలా దూరం పోదు, కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతుంది. కాబట్టి పక్కింటివాళ్లతో కూడా మాట్లాడాలి.

సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ కూడా తర్వాత పట్టుబట్టింది నిలవ నీళ్లు తీయించడం మీదే.

అపోహ: నీళ్లు పారబోస్తే చాలు.

చాలదు. ఏడిస్ గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన, తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. అందుకే పీచుతో గట్టిగా తోమాలి. మన వేడికి గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి డ్రై డే, అంటే నీళ్లు నిలిచేవన్నీ ఖాళీ చేసి, తోమి ఆరబెట్టే రోజు, ఈ లెక్కతోనే పెట్టారు. ఒక్క వారం మానితే మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: వేపాకు, సాంబ్రాణి పొగతో దోమలు చస్తాయి.

పొగ ఉన్నంతసేపు దూరంగా ఉంటాయి, అంతే. ఉబ్బసం ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు ఆ పొగ మంచిది కాదు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే కాళ్ల వైపు టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. దోమకు గాలిని తట్టుకుని ఎగిరే బలం లేదు. ఫాగింగ్ కూడా ఎగిరే దోమలకే, లార్వాను ఏమీ చేయదు.

అపోహ: గంబూసియా చేపల్ని ఎక్కడైనా వదలొచ్చు.

పెరటి బావిలో, సిమెంటు తొట్టిలో ఇవి లార్వాను బాగా తింటాయి. చెరువులో, కుంటలో మాత్రం వదలకండి. ఇది ఉత్తర అమెరికా చేప. మన చేపల పిల్లల్ని, తోకకప్పల్ని కూడా తినేస్తుంది. తూనీగ పిల్లలు నీళ్లలో ఉండి లార్వాను తింటాయి, అవి బతకాలంటే కుంటను దాని మానాన వదిలేయాలి.

చివరగా, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం పైన ఏముందో చూడండి. చాలా ఇళ్లలో ఖాళీగా తెరిచి ఉంటుంది, రాత్రి కుట్టే దోమలు అందులోంచే గుంపులుగా వస్తాయి. చిన్న నైలాన్ వల ముక్క మూతికి చుట్టి, తీగతో బిగించండి. చిరిగినప్పుడు మార్చండి.