బ్లాండీలో నీటి తగాదా

అమెరికాలో ఒహాయోలో ఉంటున్న మా అన్నయ్య కూతురు మొన్న ఆదివారం ఫోన్ చేసి, పలకరింపులు కూడా అవకుండానే అడిగేసింది. “బాబాయ్, పిండి ఒకటే. ట్రే ఒకటే. ఓవెన్ ఒకటే. నాలుగు మూలలూ నాలుగు రకాలుగా ఎందుకొచ్చాయో నువ్వే చెప్పాలి.”

సంగతేమిటంటే, వాళ్లింట్లో నలుగురు, నాలుగు ఇష్టాలు. బ్లాండీలు, అంటే వెన్న, బ్రౌన్ షుగర్, మైదాతో ట్రేలో కాల్చి ముక్కలు కోసే మెత్తటి తీపి, చేస్తూ ట్రేని నాలుగు వాటాలు వేసింది. పిల్లాడి మూలలో చాక్లెట్ చిప్స్, మొగుడి మూలలో అక్రోటులాంటి పీకన్ పప్పులు, అత్తగారి మూలలో తాజా స్ట్రాబెర్రీ ముక్కలు, తన మూలలో ఎండు క్రాన్‌బెర్రీలు. మొదటి రెండూ చక్కగా కుదిరాయి. స్ట్రాబెర్రీ మూల ఎంతసేపు ఉంచినా జావలాగే ఉండిపోయింది. క్రాన్‌బెర్రీ మూల పొడిపొడిగా రాలింది. అత్తగారు ఏమీ అనకుండా చెంచా అడిగి తీసుకుని తిన్నారట. ఆవిడ ఏమీ అనకపోవడమే దీని టెన్షన్.

బ్లాండీ అంటే కోకో వెయ్యని బ్రౌనీ అని అందరూ చెప్పేస్తారు. నిజానికి వరస తిరగబడింది. 1896లో ఫ్యానీ ఫార్మర్ బోస్టన్ వంటల పుస్తకంలో అచ్చయిన బ్రౌనీల్లో చాక్లెట్ లేనే లేదు. మొలాసిస్, అంటే చక్కెర మడ్డి, పీకన్ పప్పులు ఉన్నాయి. చాక్లెట్ 1906 కూర్పులో వచ్చి చేరింది. ఆ లెక్కన బ్లాండీయే అక్క, ఇప్పటి బ్రౌనీ చెల్లెలు. ఓవెన్ ఎలా వెలిగించాలి, గుడ్డు ఎలా గిలకొట్టాలి అనేవి నాకు ఆసక్తి లేని విషయాలు, వదిలేస్తున్నాను. నా ఆసక్తంతా నీళ్ల మీద.

మా అమ్మాయి చెప్పిన కొలతలు ఇవి: వెన్న 115 గ్రాములు, తడి బ్రౌన్ షుగర్ 200, మైదా 125, గుడ్డు ఒకటి. పాలు లేవు, నీళ్లు లేవు. అయినా నీళ్లున్నాయి. వెన్నలో నూటికి 16 పాళ్లు నీరే, అంటే 18 గ్రాములు. 50 గ్రాముల గుడ్డులో ముప్పాతిక భాగం నీరు, అంటే 38. మైదాలో ఉన్న తేమ మైదా వదలదు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేద్దాం. మొత్తం 56 గ్రాములు. చిన్న టీ గ్లాసులో సగం కూడా రాదు. ఈ కాసిని నీళ్ల కోసం అక్కడ 200 గ్రాముల చక్కెర, పిండిలోని స్టార్చి, గ్లూటెన్ (పిండికి సాగుడు తెచ్చే అల్లిక) అయ్యే ప్రోటీన్లు, గుడ్డు ప్రోటీన్లు ఎదురుచూస్తున్నాయి.

వెన్న, చక్కెర, మైదా, గుడ్లు సమానంగా వేసే పౌండ్ కేకుతో పోల్చండి. అందులో ఒక గ్రాము చక్కెరకి సుమారు 0.9 గ్రాముల నీరు అందుతుంది. బ్లాండీలో అందేది 0.28. మూడో వంతు కూడా కాదు. కేకు డెల్టా అయితే బ్లాండీ కరువు సీమ.

డెల్టా అన్నాను కాబట్టి అక్కడే ఆగుతాను, నేను గోదావరి కాలువల పక్కన పెరిగినవాణ్ణి. కాలువలో నీళ్లు తక్కువ వదిలిన ఏడు ఏమవుతుంది? తూము దగ్గర పొలం ఉన్న రైతు ముందు తడుపుకుంటాడు. శివారు రైతు బోదె గట్టు మీద కూర్చుని ఎదురుచూస్తాడు. బ్లాండీలో తూము దగ్గరి రైతు చక్కెర. ఒక్కో చక్కెర అణువు మీద ఎనిమిది హైడ్రాక్సిల్ కొసలుంటాయి. ప్రతి కొసా నీటి అణువుని పట్టుకునే చెయ్యే. స్టార్చి, ప్రోటీన్లు శివారు పొలాలు. మామూలుగా నీళ్లు సమృద్ధిగా ఉంటే గోధుమ స్టార్చి రేణువులు 60 డిగ్రీల చుట్టుపక్కలే నీళ్లు తాగి ఉబ్బడం మొదలుపెడతాయి. చిక్కటి చక్కెర పాకంలో వేస్తే 80 దాటేదాకా కదలవు. గుడ్డు ప్రోటీన్ గట్టిపడే వేడి కూడా అలాగే పైకి జరుగుతుంది. గ్లూటెన్ సరిగ్గా అల్లుకోదు. అందుకే బ్లాండీ కేకులా పొంగి స్పాంజిలా నిలబడదు. శివారులో పంట సగమే పండింది. ఆ సగం పంటనే మనం ఆహా, ఎంత మెత్తగా సాగుతోందో అని తింటున్నాం.

ఇక్కడ ఒక చిక్కుంది. గది వేడిలో 100 గ్రాముల నీటిలో 200 గ్రాములకి మించి పంచదార కరగదు. మన 56 గ్రాముల్లో కరిగేది 112 దాకానే. మిగతా 88 గ్రాముల మాటేమిటి? ఓవెన్‌లో నూరు డిగ్రీల దగ్గరికి వెళ్లేసరికి అదే నీరు తన బరువుకి నాలుగున్నర రెట్లకు పైగా కరిగించుకుంటుంది, కాబట్టి అంతా కరుగుతుంది. చల్లారాక ఆ 88 గ్రాములూ మళ్లీ పలుకులుగా బయటపడాలి కదా. పడితే బ్లాండీ మైసూరు పాకులా విరుగుతుంది. పడటం లేదు. ఎందుకు?

గులాబ్ జామ్ పాకంలో నిమ్మరసం చుక్కలు పిండే ప్రతి ఇల్లాలికీ జవాబు తెలుసు: పాకం పంచదార కట్టకుండా. ఆమ్లం, వేడి కలిసి సుక్రోజ్‌ని, అంటే పంచదారని, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అని రెండు ముక్కలు చేస్తాయి. ఒకే ఆకారం ఉన్న ఇటుకలైతే గోడ కుదురుగా లేస్తుంది. మధ్యలో అడ్డదిడ్డం ముక్కలు పడితే లేవదు. స్ఫటికం కట్టుకోలేదు. బ్రౌన్ షుగర్‌లో ఈ విరిగిన చక్కెర మడ్డితో పాటే వస్తుంది, ఆ మడ్డికి కాస్త ఆమ్ల గుణమూ ఉంటుంది.

ఈ విరగడాన్నే కాలేజీలో సుక్రోజ్ విలోమం అని చెబుతాం. సుక్రోజ్ ద్రావణం ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, కుడివైపు 66.5 డిగ్రీలు తిప్పుతుంది. విరిగాక గ్లూకోజ్ కుడివైపు 52.7, ఫ్రక్టోజ్ ఎడమవైపు 92.4. రెండూ కలిపి సగం చేస్తే ఎడమవైపు దాదాపు 20. గుర్తు తిరగబడింది కాబట్టి విలోమం. 1850లో విల్‌హెల్మీ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ తిరగడాన్నే నిమిషనిమిషానికీ కొలిచి, ఒక రసాయన చర్య ఎంత వేగంతో నడుస్తుందో మొదటిసారి సమీకరణంలో పెట్టాడు. రసాయన గతిశాస్త్రం అనే శాఖ పంచదార నీళ్లలో పుట్టిందన్నమాట. పిల్లలు ఈ అంకెలన్నీ బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకుంటారు. ఇది అమ్మ పాకం గిన్నెలో జరిగేదే అని వాళ్లకి చెప్పేవాళ్లు తక్కువ. నేనూ చాలా ఏళ్లు చెప్పలేదు.

విరిగిన చక్కెరకి ఇంకో గుణం, దాహం. గాలిలో తేమ 85 శాతం దాటితే గానీ మామూలు పంచదార చెమర్చి కరగడం మొదలుపెట్టదు. ఫ్రక్టోజ్‌కి 62 చాలు. మా నాయనమ్మ అటక మీది బెల్లం కుండ తడిమి చూసి, “చెమ్మగిల్లింది, వాన పడుతుంది” అనేది. మూఢనమ్మకమని నవ్వేవాణ్ణి. బెల్లంలో నూటికి పది పాళ్లు అటూఇటూగా విరిగిన చక్కెర ఉంటుంది. గాలిలో తేమ పెరగ్గానే అదే ముందు తాగుతుంది. నాయనమ్మ దగ్గర ఒక తేమమాపకం ఉంది, నా దగ్గర అప్పటికి డిగ్రీ ఒక్కటే ఉంది. ఇదే గుణం ఒహాయో చలికాలంలో తిరగబడుతుంది. హీటర్ వేసిన ఇంట్లో గాలి ఎండిపోయి, డబ్బాలో బ్రౌన్ షుగర్ రాయిలా బిగుసుకుంటుంది. ఒక బ్రెడ్ ముక్క పడేసి మూత పెడితే తెల్లారేసరికి మళ్లీ మెత్తబడుతుంది. బ్రెడ్ నుంచి నీళ్లు చక్కెరకి వెళ్లాయి.

అన్నట్టు, బ్రౌన్ షుగర్ ఆరోగ్యానికి మంచిదనే నమ్మకం ఒకటి చదువుకున్నవాళ్లలోనే బాగా పాకింది. అమెరికాలో దొరికే లేతరంగుది చాలావరకు తెల్ల పంచదారకి నూటికి మూడున్నర పాళ్లు మడ్డి కలిపినదే. నాయనమ్మ బెల్లం కుండకున్న ఆధారం దీనికి లేదు.

సరే, నాలుగు మూలల దగ్గరికొద్దాం. ట్రేలో మొత్తం నీరు 56 అయితే ఒక్కో మూలకి 14 గ్రాములు. పీకన్ పప్పులో తేమ నూటికి నాలుగు పాళ్లు, పైగా ఒళ్లంతా నూనె. అది మెట్ట చేను. కాలువ నీళ్లు అడగదు, కాలువలోకి వదలదు. చాక్లెట్ చిప్‌లో నీరు ఒక శాతం. దానికీ కాలువతో పని లేదు. అందుకే ఆ రెండు మూలలూ ఏ మార్పూ లేకుండా వచ్చాయి.

స్ట్రాబెర్రీ మాత్రం కాలువకి గండి. పండులో నూటికి 91 పాళ్లు నీరే. మా అమ్మాయి గుప్పెడు ముక్కలు వేశానంది, 60 గ్రాములనుకుందాం. 55 గ్రాముల నీళ్లు. మొత్తం ట్రేలో ఉన్నంత నీటిని ఒక్క మూలలో తెచ్చి పోసినట్టే. ముక్కలు నీళ్లని లోపలే దాచుకోవచ్చు కదా అనకండి. మాగాయ ముక్కలకి ఉప్పు చల్లితే తెల్లారేసరికి ఎంత ఊట దిగుతుందో మనకి తెలుసు. ఉప్పు చేసే పని చక్కెర కూడా చేస్తుంది, దానికి తోడు ఓవెన్ వేడికి కణాల గోడలు చితికిపోతాయి. ఆ ఊటని ఆవిరి చేసి పంపుదామంటే ఖర్చు ఎక్కువ. ఒక గ్రాము నీటిని 25 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 314 జౌళ్ల వేడి చాలు. అక్కడి నుంచి ఆవిరి చెయ్యడానికి 2,260 కావాలి. పక్క మూలలు మాడిపోతాయి గానీ ఈ మూల ఆరదు. నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. గండి పడితే శివారుకి కూడా నీళ్లందుతాయి. పాకం పలచబడింది, స్టార్చి రేణువులకి అడిగినంత నీరు దొరికింది, కడుపునిండా తాగి ఉబ్బాయి. అంటే అత్తగారు తిన్నది ఉడకని బ్లాండీ కాదు, ఉడికిన పుడ్డింగు. ఆవిడ చెంచా అడగడం శాస్త్రీయంగా సబబే.

ఎండు క్రాన్‌బెర్రీ కథ వేరే. చక్కెర పట్టించి, తేమ ఆరో వంతుకి దిగేదాకా ఎండబెట్టిన పండు అది. రాత్రిపూట కాలువలో మోటారు దించి తోడుకునేవాడు ఉంటాడే, అదే వీడు. ఆ మూలకి దక్కాల్సిన 14 గ్రాముల్లో నాలుగైదు గ్రాములు లాక్కున్నా మూడో వంతు పోయినట్టే. పైగా మా అమ్మాయి ఈసారి వెన్నని కమ్మటి వాసన వచ్చేదాకా కాచి పోసిందట. కాచిన వెన్న రుచి నాకూ ఇష్టమే; నెయ్యి కాచాక గిన్నె అడుగున మిగిలే గోదారిలో ఉండే రుచే అది, పాల ప్రోటీన్లు, పాలలోని చక్కెర లాక్టోజ్ కలిసి ఎర్రబడటం వల్ల వచ్చేది. 1912లో మేయార్ అనే ఫ్రెంచి రసాయనవేత్త పసిగట్టిన చర్య. కానీ ఆ ఎరుపు రావాలంటే ముందు వెన్నలో నీరంతా ఎగిరిపోవాలి. 18 గ్రాములూ పోయాయి. అంటే ట్రేకి ఉన్నవి 56 కావు, 38. ఎగువనే నీళ్లు తగ్గాయి, పైన మోటారు కూడా. పొడిపొడిగా రాలక ఏం చేస్తుంది?

ఇదంతా చెప్పి, కాచిన వెన్నలో ఒకటిన్నర పెద్ద చెంచాల పాలు తిరిగి పొయ్యమన్నాను. క్రాన్‌బెర్రీలని వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, గుడ్డలో ఒత్తి వెయ్యమన్నాను. ముందే తాగొచ్చినవాడు మోటారు పెట్టడు. స్ట్రాబెర్రీలు ఓవెన్‌లోకి వద్దు, వడ్డించేటప్పుడు పైన పెట్టమన్నాను. సన్నటి పుల్ల గుచ్చి పొడిగా వచ్చేదాకా ఆగే అలవాటు కూడా కేకుకి సంబంధించింది, బ్లాండీలో పాకం ఉంటుంది కాబట్టి పుల్లకి కొంచెం అంటుకోవాలి. శుభ్రంగా వచ్చిందంటే ఆలస్యమైంది.

“మరి పైన మెరిసే పల్చటి పొర మొదటిరోజు కరకరలాడి రెండోరోజు మెత్తబడుతోంది, అదేమిటి?” అంది. అదీ నీళ్లే. పైపొరలో నీరు ముందుగా ఆరిపోయి, చక్కెర పలుకు కట్టే తీరిక లేక గాజులా బిగుస్తుంది. మూత పెట్టిన డబ్బాలో లోపలి తేమ పైకి పాకి ఆ గాజుని మెత్తబరుస్తుంది. అత్తగారు రెండోరోజుదే బాగుందన్నారట. పళ్లు లేనివాళ్ల తీర్పు అలాగే ఉంటుందని నేననలేదు, అనుకున్నానంతే.

వచ్చే ఆదివారం బ్రౌన్ షుగర్ మానేసి, నేను పంపిన అనకాపల్లి బెల్లంతో చేస్తుందట. విరిగిన చక్కెర ఎక్కువ, తేమ కూడా ఎక్కువ. బెల్లం నూటికి పది పాళ్లు తగ్గించి, వెన్న కాచినా పాలు పొయ్యకుండా చూడమన్నాను. “జీడిపప్పు వెయ్యనా?” అంది. వెయ్యమన్నాను, మెట్ట చేనే కదా.