అపోహలు - వాస్తవాలు: లేజర్ వేయిస్తే పోర్స్ మూసుకుపోతాయా?

పోయిన వేసవిలో ఓ అమ్మాయి వాళ్లమ్మతో కలిసి నా స్కిన్ క్లినిక్‌కి వచ్చింది. లోపలికొచ్చి కూర్చున్నాక కూడా ముఖం మీద చున్నీ తీయలేదు. వాళ్లమ్మే మెల్లగా పక్కకు జరిపింది. రెండు బుగ్గల మీదా ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు, వరసలు వరసలుగా గోధుమరంగు మచ్చలు. మూడు వారాల కిందట ఎక్కడో 'ఒక్క సిట్టింగ్‌లో పోర్స్ (చర్మం మీద కనిపించే సన్నని రంధ్రాలు) క్లోజ్' అంటే నమ్మి ఫ్రాక్షనల్ సీఓ2 లేజర్ చేయించుకుందట. పెళ్లి ముహూర్తం ఇంకా పన్నెండు రోజులే ఉంది.

"మరి పోర్స్ తగ్గాయా అమ్మా?" అన్నాను.

"అలాగే ఉన్నాయి మేడమ్" అని ఏడ్చేసింది.

ఈ ఒక్క అపోహ వల్ల పోయినంత డబ్బు, నిద్ర మరే అపోహ వల్లా పోవడం నేను చూడలేదు. పోర్స్ మూసుకుపోవు. లేజర్‌కైనా, పీల్‌కైనా, ఎంత ఖరీదైన సీరమ్‌కైనా అంతే. తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ వాటికి కండరమేదీ లేదు. ప్రతి పోర్ ఒక వెంట్రుక కుదురు నోరు. పక్కనున్న నూనె గ్రంథి నుంచి జిడ్డు బయటికొచ్చే దారి అదే. నిజంగా మూసుకుపోతే లోపల జిడ్డు పేరుకుని మొటిమ లేస్తుంది.

మరి లేజర్ చేసేదేమిటి? సీఓ2 లేజర్ 10,600 నానోమీటర్ల కిరణంతో చర్మంలో సన్నని నిలువు గాయాలు చేస్తుంది, మధ్యమధ్య చర్మాన్ని వదిలేస్తుంది. అవి మానేటప్పుడు కొత్త కొలాజెన్ పుట్టి పోర్ చుట్టూ ఉన్న చర్మం కాస్త బిగుస్తుంది. అప్పుడు పోర్ చిన్నగా కనిపిస్తుంది. ఇదంతా జరగడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. సాధారణంగా నెలకొకటి చొప్పున మూడు నాలుగు సిట్టింగ్‌లు కావాలి. అంతా అయ్యాక కూడా పోర్స్ ఉంటాయి, ఇదివరకటంత కొట్టొచ్చినట్టు కనపడవు. నిజాయతీగా చెప్పగలిగింది ఇంతే.

పైగా మనది రంగున్న చర్మం. వేడి తగిలినా గాయమైనా మెలనిన్ ఎక్కువగా తయారై నల్లబడుతుంది. గుంటూరు ఎండలో, మే నెలలో, ఎక్కువ ఎనర్జీతో లేజర్ వేసి సన్‌స్క్రీన్ సంగతి కూడా చెప్పకుండా ఇంటికి పంపేస్తే జరిగేది ఆ అమ్మాయికి జరిగిందే. నేనైతే ముందు చెవి దగ్గర చిన్న టెస్ట్ ప్యాచ్ వేసి, నాలుగు వారాలు ఆగి చూస్తాను. చాలామందికి లేజర్ బదులు మైక్రోనీడ్లింగ్ ఆర్‌ఎఫ్ (సన్నని సూదులతో రేడియో తరంగాల వేడిని పంపే చికిత్స) చెబుతాను. అందులో వేడి సూదుల ద్వారా లోపలికి వెళ్తుంది కాబట్టి పైపొర నల్లబడే ప్రమాదం తక్కువ, కానీ అసలు లేదని కాదు. కార్బన్ పీల్ (ముఖానికి కార్బన్ లోషన్ రాసి దాని మీద లేజర్ వేయడం) వేరే. దాని మెరుపు కొద్ది వారాలుంటుంది. అది తెలిసి చేయించుకుంటే ఇబ్బంది లేదు.

ఆ అమ్మాయికి క్రీములన్నీ ఆపించి, సన్‌స్క్రీన్, మచ్చలకు మందు ఇచ్చాను. పెళ్లి మేకప్‌తో గడిచింది. మచ్చలు పోవడానికి అయిదు నెలలు పట్టింది.

లేజర్ కంటే ముందు మూడు నెలలు రాత్రిపూట శనగగింజంత అడాపలీన్ (మొటిమలకు వాడే పైపూత మందు) 0.1 శాతం జెల్, పగలు సన్‌స్క్రీన్ వాడి చూడమంటాను. గర్భిణులు అడాపలీన్ వాడకూడదు. మూడు నెలలు ఓపిగ్గా వాడినవాళ్లలో చాలామంది మళ్లీ లేజర్ మాట ఎత్తరు.

మిగతా అపోహల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఆవిరి పడితే పోర్స్ తెరుచుకోవు, ఐసు రుద్దితే మూసుకోవు. పేపర్లలో వీటిని స్వేద రంధ్రాలని రాస్తుంటారు. చెమట రంధ్రాలు మామూలు కంటికి ఆనవు, మీకు కనిపించేవి జిడ్డువి. సున్నిపిండితో గట్టిగా రుద్దడం, నిమ్మచెక్క రాయడం దయచేసి మానేయండి. ముక్కు మీద పిండితే వచ్చే తెల్లటి పోగులు మురికి కాదు, అందరికీ ఉంటాయి, తీసినా మళ్లీ నిండుతాయి.

ఒక్కమాట మాత్రం ప్రేమగా చెప్పాలనుంది. ఫోన్ జూమ్ చేసి ఫొటోలు చూపిస్తూ వణికిపోయే పిల్లలు వారానికి నలుగురైనా వస్తారు. వాళ్ల చేతికి అద్దమిచ్చి, చెయ్యి చాచి పట్టుకుని చూడమంటాను. ఎదుటివాళ్లు మిమ్మల్ని చూసేది ఆ దూరం నుంచే. చాలామందికి అక్కడే సగం టెన్షన్ దిగిపోతుంది.

చికిత్సకు వెళ్లేముందు, లేజర్ హ్యాండ్‌పీస్ (ముఖం మీద ఆడించే పరికరం) పట్టుకునేది ఎవరో, వాళ్లు స్కిన్‌లో ఎండీ చేశారో లేదో మొహమాటం లేకుండా అడగండి. తెల్లబడటానికి మెడికల్ షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ కలిసిన క్రీము వాడుతుంటే దాచకండి. దానితో పల్చబడిన చర్మం మీద లేజర్ వేస్తే కోలుకోవడం చాలా కష్టం. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, అయిపోయినవి కూడా, ఒక కవర్లో వేసుకుని తెచ్చుకోండి. పేర్లు నేను చదువుకుంటాను.