సైట్‌లో పచ్చ టిక్ వస్తే డెక్ రెడీ అయినట్టేనా? మ్యాజిక్ కార్డుల ఆటలో అపోహలు, వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం పన్నెండు పదిహేను మందిమి చేరతాం. ఎక్కువమంది మనవాళ్లే. గుంటూరు, కర్నూలు, అనంతపురం వాళ్లు, వరంగల్ నుంచి ఇద్దరు. వాచ్‌మన్ లెక్కలో మేం పేకాట బ్యాచ్. ఆడేది మాత్రం మ్యాజిక్: ద గ్యాదరింగ్. గణితంలో పీహెచ్‌డీ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన ఆట ఇది, 1993లో వచ్చింది. పేకాటలో అందరికీ ఒకటే పేక. ఇందులో ఎవరి డెక్ (కార్డుల కట్ట) వాళ్లే ఇంట్లో కట్టుకుని తెచ్చుకోవాలి. తలనొప్పంతా ఆ కట్టుకోవడంలోనే.

ఇప్పుడు ఆ పని ఎవరూ కాగితం మీద చేయడం లేదు. మాక్స్‌ఫీల్డ్, ఆర్కిడెక్ట్ లాంటి సైట్లున్నాయి. కార్డు పేరు కొడితే లిస్టులో చేరుతుంది. సైటే లెక్క పెడుతుంది, గ్రాఫు గీస్తుంది, ధర చూపిస్తుంది, ఉత్తుత్తి హ్యాండ్ (ఆట మొదట్లో చేతికొచ్చే ఏడు కార్డులు) కూడా పంచిపెడుతుంది. కొత్తవాళ్ల లిస్టులు చూసిపెట్టడం కొన్నేళ్లుగా నా మీద పడింది. వారానికి అయిదారు లింకులు వాట్సాప్‌లో వస్తాయి, ‘అన్నా, ఒకసారి చూడు’ అని. చూసీ చూసీ నాకు అర్థమైంది ఒకటే. సైట్ లెక్క దాదాపు ఎప్పుడూ తప్పదు. ఆ లెక్కను మనం చదువుకునే తీరులోనే తిరకాసు ఉంది.

అపోహ: సైట్ పచ్చ టిక్ పెట్టి లీగల్, అంటే చెల్లుతుంది అంది కాబట్టి డెక్ లీగలే.

ఏ ఫార్మాట్‌లో లీగల్? ఫార్మాట్ అంటే ఏ కార్డులు చెల్లుతాయో తేల్చే ఆట రకం. సైట్ చూసేది మనం పైన ఎంచుకున్న ఫార్మాట్‌ను మాత్రమే. మోడర్న్ అనే ఫార్మాట్‌లో 2003లో వచ్చిన ఎయిత్ ఎడిషన్ అనే సెట్ నుంచి కార్డులు చెల్లుతాయి. పయనీర్‌లో 2012 నాటి రిటర్న్ టు రావ్నికా నుంచి. కొన్ని కార్డులు సెట్ ప్రకారం చూస్తే చెల్లాలి, కానీ నిషేధంలో ఉంటాయి. ల్యాండ్స్ అంటే మనా ఇచ్చే కార్డులు, మనా అంటే మిగతా కార్డులు ఆడటానికి పెట్టే ఖర్చు. డెక్‌లోంచి వేరే ల్యాండ్‌ను వెతికి తెచ్చే ఫెచ్ ల్యాండ్స్ అలాంటివే. మోడర్న్‌లో అందరూ వాడతారు, పయనీర్‌లో మాత్రం 2019లో ఆ ఫార్మాట్ మొదలైనప్పటి నుంచీ బ్యాన్. మా గ్రూపులో ఒక తమ్ముడు పయనీర్ ఆడే రోజు ఫెచ్ ల్యాండ్స్ వేసుకుని వచ్చాడు. ‘అన్నా, సైట్‌లో అంతా పచ్చగానే ఉంది కదా’ అని ఫోన్ చూపించాడు. పచ్చగానే ఉంది. పైన ఫార్మాట్ దగ్గర మోడర్న్ అని ఉంది. పాత లిస్టును కాపీ చేసి మార్చుకున్నాడు, ఫార్మాట్ మార్చడం మర్చిపోయాడు.

ఇంకో సంగతి, బ్యాన్ లిస్ట్ మారుతూ ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో కమాండర్ ఫార్మాట్‌లో మనా క్రిప్ట్, జ్యూవెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్‌తో సహా నాలుగు కార్డులను నిషేధించారు. అలాంటప్పుడు సైట్‌లో లిస్ట్ ఎర్రబడుతుంది. బీరువాలో ఉన్న డెక్ డబ్బా ఎర్రబడదు. మూడు నెలల తర్వాత డబ్బా తీసి అలాగే బయల్దేరితే ఇంతే సంగతులు.

కమాండర్ విషయంలో ఒక్క మాట సైట్ తరఫున. డెక్‌కు నాయకుడిగా పెట్టుకునే కార్డు, అంటే కమాండర్‌తో కలిపి సరిగ్గా 100 కార్డులు, బేసిక్ ల్యాండ్స్ (మామూలు ల్యాండ్స్), ప్రత్యేకంగా వీలిచ్చిన కొన్ని కార్డులు తప్ప ఏదీ రెండోసారి ఉండకూడదు. కార్డుల రంగులు కమాండర్ రంగులను దాటకూడదు. కార్డు కింద రాసిన వాక్యంలో వేరే రంగు మనా గుర్తు ఉన్నా అది ఆ కార్డు రంగు కిందే లెక్క. ఈ చివరిది మనుషులు ఎప్పుడూ మర్చిపోతారు, సైట్ మర్చిపోదు.

అపోహ: మోడర్న్, పయనీర్‌లలో డెక్‌కు 60 కార్డులు అనేది కనీసమే కదా, నాలుగు ఎక్కువైతే ఏమవుతుంది?

రూల్ ప్రకారం ఏమీ కాదు. లెక్క ప్రకారం కూడా కొంపలేం మునిగిపోవు. ఇక్కడ చాలామంది సీనియర్లు కొత్తవాళ్లను అనవసరంగా భయపెడతారు. ఒక కార్డు నాలుగు కాపీలు వేశామనుకుందాం. 60 కార్డుల డెక్‌లో మొదటి ఏడింట్లో కనీసం ఒక కాపీ వచ్చే అవకాశం సుమారు 40 శాతం. 64 కార్డులైతే సుమారు 38 శాతం. తేడా రెండు శాతమే.

అయినా నేను 60కే కోయమంటాను. కారణం వేరే. తీసేయలేక ఉంచుకున్న ఆ నాలుగూ ఏ కార్డులో అడగండి. డెక్‌లో అన్నిటికంటే బలహీనమైనవి అవే అయి ఉంటాయి, లేకపోతే వాటి దగ్గర ఈ తర్జనభర్జన రాదు. నిర్ణయం వాయిదా వేయడానికి సైట్‌లో మేబీబోర్డ్ అని ఒక అర ఉంది. అందులో పడేస్తే 60 లెక్కలోకి రాదు. అదొక అటక లాంటిది, ఏడాది తర్వాత చూస్తే మనమే పెట్టామా అనిపిస్తుంది.

పైన చెప్పిన 40 శాతాన్ని ఇంకోవైపు నుంచి కూడా చూడండి. ‘నాలుగూ వేశాను, అయినా రావట్లేదు’ అనే ఫిర్యాదు నేను వినని వారం లేదు. నాలుగు వేసినా పదిసార్లకు ఆరుసార్లు అది మొదటి హ్యాండ్‌లో ఉండదు. రెండో ఆటగాడిగా నాలుగో టర్న్ (వంతు) దాకా ఆడి పదకొండు కార్డులు చూసినా, వచ్చే అవకాశం సుమారు 57 శాతమే. డెక్ అంతా ఆ ఒక్క కార్డు మీదే కట్టుకున్నవాళ్లు ఈ అంకెను ఒకసారి గట్టిగా చదువుకోవాలి.

అపోహ: సైట్‌లో కార్డులు కలిపే షఫ్లర్ చెత్త. టేబుల్ మీద ఇంత దరిద్రంగా రాదు.

నాకు ఇష్టమైన గొడవ ఇది. అందుకే కాస్త ఎక్కువసేపు చెబుతాను.

60 కార్డుల్లో 24 ల్యాండ్స్ చాలా డెక్‌లకు మామూలు లెక్క. ఏడు కార్డులు తీస్తే సగటున 2.8 ల్యాండ్స్ రావాలి. సగటు చూసి మనం మూడు వస్తాయని కూర్చుంటాం. సరిగ్గా మూడు వచ్చేది 31 శాతం సార్లే. ఒక్క ల్యాండ్ కూడా లేకపోవడమో, ఒక్కటే రావడమో సుమారు 14 శాతం. అయిదు, అంతకంటే ఎక్కువ వచ్చేది 8 శాతం పైన. రెండూ కలిపితే 22 శాతం దాటుతుంది. అంటే డెక్ పద్ధతిగా కట్టినా అయిదింట ఒకటి కంటే ఎక్కువ హ్యాండ్స్ పనికిరానివే. వరసగా మూడు అలాంటివే రావడం నూటికి ఒకసారి జరుగుతుంది. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో వంద హ్యాండ్స్ తీసేవాడికి అది కనబడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మరి టేబుల్ మీద ఎందుకు రాదు? మనం సరిగ్గా కలపం కాబట్టి. ఆట అయ్యాక ల్యాండ్స్ అన్నీ ఒక కుప్పగా ఉంటాయి. అవి గుంపుగా ఉంటే మళ్లీ గుంపుగానే వస్తాయని భయపడి చాలామంది రెండు స్పెల్స్ (ల్యాండ్స్ కాని కార్డులు), ఒక ల్యాండ్ చొప్పున పేర్చి, పైపైన రెండుసార్లు కలిపి ముందు పెడతారు. పేర్చినదంతా దాదాపు అలాగే వస్తుంది. దాన్ని మనం ‘అసలైన’ షఫుల్ అనుకుంటున్నాం. నిజానికి అది మోసం కిందకు వస్తుంది. బాగా కలిపితే పేర్చిన శ్రమ వృథా, బాగా కలపకపోతే తప్పు. ఎలా చూసినా పేర్చడం దండగ.

పంచినట్టు ఏడు కుప్పలుగా వేసి మళ్లీ కలిపెయ్యడం కూడా షఫుల్ కాదు. కార్డులు లెక్కపెట్టుకోవడానికి బాగుంటుంది, అంతే. పేకముక్కలను రెండు సగాలు చేసి ఒకదాంట్లో ఒకటి దూర్చే పద్ధతి మీద బేయర్, డయాకోనిస్ అనే ఇద్దరు గణితవేత్తలు 1992లో లెక్క తేల్చారు. 52 ముక్కల పేకకు సుమారు ఏడుసార్లు కావాలన్నారు. స్లీవ్‌లు (ప్లాస్టిక్ తొడుగులు) వేసిన 60 కార్డులకు అంతకంటే తక్కువ సరిపోతుందని అనుకోవడానికి కారణం లేదు. మా బల్ల దగ్గర నేను లెక్కపెట్టాను. ఎక్కువమంది మూడుసార్లు కలిపి ఆపేస్తారు, అదీ కబుర్లు చెబుతూ. సంక్రాంతికి ఊళ్లో ముక్కలు పిసికే పెద్దవాళ్లు ఇంతకంటే శ్రద్ధగా పిసుకుతారు.

కొత్త హ్యాండ్ బటన్ వాడే తీరు గురించి కూడా చెప్పాలి. నచ్చని హ్యాండ్ వస్తే మళ్లీ నొక్కడం, మంచిది వస్తే దాంతో నాలుగు టర్న్‌లు ఆడి ‘భలే నడుస్తోంది’ అనుకోవడం. అందరం చేశాం, నేనూ చేశాను. 2019 నుంచి ఉన్న మలిగన్ పద్ధతిలో హ్యాండ్ వద్దంటే మళ్లీ ఏడు తీసి, వాటిలో ఒకటి డెక్ అడుగున పెట్టాలి. రెండోసారి వద్దంటే రెండు పెట్టాలి. బటన్ నొక్కితే ఈ ఖర్చేమీ ఉండదు.

మొన్న జూన్‌లో వాన వల్ల అవుటర్ రింగ్ రోడ్ మీద సగంమంది ఇరుక్కుపోయిన ఆదివారం, వచ్చిన నలుగురిలో ఒకమ్మాయి డెక్‌తో ఇలా చేశాం. ల్యాప్‌టాప్ తెరిచి వరసగా 20 హ్యాండ్స్ తీశాం. ఒక్కటీ వదలకుండా టిఫిన్ బిల్లు వెనకాల రాసుకున్నాం. ఉంచుకుంటామా, వద్దా, ఉంచుకుంటే నాలుగో టర్న్‌కు బల్ల మీద ఏముంది. ల్యాండ్స్ వల్ల వదిలేసినవి నాలుగే. అనుకున్నట్టే వచ్చింది. కానీ ఉంచుకున్న పదహారింట్లో ఏడుసార్లు చేతిలో ల్యాండ్స్ ఉన్నా నల్ల మనా ఇచ్చేది లేదు. ‘ల్యాండ్స్ తక్కువ, ఇంకో రెండు వేస్తా’ అంటూ వచ్చిన అమ్మాయి, ల్యాండ్స్ సంఖ్య ముట్టుకోకుండా రంగులు మార్చుకుని వెళ్లింది. మొదటి టర్న్‌లోనే ఒక రంగు కార్డు ఆడాలంటే 60లో ఆ రంగు ఇచ్చే ల్యాండ్స్ 14 ఉండాలని ఫ్రాంక్ కార్‌స్టెన్ అనే మ్యాజిక్ ఆటగాడు చేసిన లెక్కలు చెబుతాయి, అదీ 90 శాతం నమ్మకానికి. ఆమె డెక్‌లో నల్లవి తొమ్మిది. సైట్‌లో రంగుల గ్రాఫు ఈ సంగతిని మొదటినుంచీ చూపిస్తూనే ఉంది, కింద ఎక్కడో. అంతవరకు ఎవరూ స్క్రోల్ చేయరు.

అపోహ: మనా కర్వ్ గ్రాఫు (ఎంత మనా ఖర్చుకు ఎన్ని కార్డులున్నాయో చూపేది) అందంగా ఉంటే డెక్ బాగున్నట్టే.

గ్రాఫుకు కార్డు మూల మీద ఉన్న మనా ఖర్చు అంకె మాత్రమే తెలుసు. మర్క్‌టైడ్ రీజెంట్ అంకె ఏడు. గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన కార్డుల కుప్పలో) కార్డులు పేరుకుంటే రెండు మనాకే దిగుతుంది. ఫోర్స్ ఆఫ్ విల్ అంకె అయిదు, చాలాసార్లు ఒక్క మనా కూడా ఖర్చు కాకుండా ఆడతారు. ఖర్చులో ఎక్స్ (ఆడేటప్పుడు మనం ఎంచుకునే అంకె) ఉన్న కార్డుల్లో ఎక్స్‌ను సున్నాగా లెక్కేస్తుంది. కాబట్టి గ్రాఫులో కుడిపక్క పొడవాటి గీత కనబడగానే కార్డు పీకేయకండి. నిజంగా ఎన్ని మనాకు ఆడతారో చూసి మనసులోనే గీత జరుపుకోండి.

అపోహ: నెట్‌డెక్ చేస్తే (నెట్‌లో దొరికిన డెక్‌ను కాపీ కొడితే) ఎప్పటికీ నేర్చుకోలేం.

ఒట్టి డాబు మాట ఇది. వంట నేర్చుకునేవాడు అమ్మ చేసినట్టే చేస్తాడు మొదట. గెలిచిన లిస్టును అక్షరం మార్చకుండా తెచ్చుకుని పది ఆటలు ఆడండి, ఏ కార్డు ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది. నేను అభ్యంతరం చెప్పేది సైడ్‌బోర్డ్ (ఆటల మధ్య మార్చుకోవడానికి పక్కన ఉంచుకునే కార్డులు) దగ్గర. ఆ 15 కార్డులూ ఆ రోజు ఆ హాల్లో ఎవరెవరు ఏం తెస్తారో ఊహించి కట్టినవి. మా క్లబ్‌హౌస్‌లో ఎర్ర డెక్‌లు నలుగురివి, గ్రేవ్‌యార్డ్ డెక్ ఒక్కరిది. అమెరికాలో గెలిచినాయన గ్రేవ్‌యార్డ్ డెక్‌లను ఆపడానికి అయిదు కార్డులు కేటాయిస్తే మనకెందుకు అన్ని?

అపోహ: సైట్ చూపించిన ధరకు డెక్ వస్తుంది.

రాదు. అవి అమెరికా, యూరప్ మార్కెట్ల ధరలు, అదీ చాలాసార్లు చవక ప్రింటువి. రవాణా, కస్టమ్స్ కలిపాక ఇక్కడ చేతికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. సైట్ ధరను రెండు డెక్‌లలో ఏది ఖరీదైనదో పోల్చుకోవడానికి వాడండి, బడ్జెట్ వేసుకోవడానికి కాదు. కొనే ముందు గ్రూపులో ఎవరి దగ్గరైనా ఉందేమో అడగడం అన్నిటికంటే చవక.

అపోహ: సైట్‌లో 60 ఉంటే డబ్బాలో 60 ఉన్నట్టే.

నవ్వకండి, నాకే జరిగింది. నా రెండు డెక్‌లు ఒకే నాలుగు కాపీలను పంచుకుంటాయి. సైట్‌లో రెండు లిస్టుల్లోనూ నాలుగేసి ఉన్నాయి, రెండూ పచ్చగానే ఉన్నాయి. నా దగ్గరున్నవి మొత్తం కలిపి నాలుగే అనే సంగతి ఆ లిస్టుల్లో ఎక్కడా లేదు. కోరమంగళలో ఒక టోర్నమెంటుకు ప్రింట్ తీసిన లిస్ట్ ఇచ్చి కూర్చున్నాను. రెండో రౌండ్‌లో డెక్ చెక్‌కు పిలిచారు. జడ్జి నిదానంగా పేర్చి, ‘58 ఉన్నాయి సార్’ అన్నాడు. పెనాల్టీ పడింది, ఆ మ్యాచ్ పోయింది. మిగతా రెండు కార్డులూ ఇంట్లో రెండో డబ్బాలో భద్రంగా ఉన్నాయి. అప్పటినుంచి బయల్దేరే ముందు డైనింగ్ టేబుల్ మీద ఏడు కుప్పలుగా వేసి లెక్కపెట్టుకుంటాను. ఎనిమిది వరసలు, పైన నాలుగు. మా ఆవిడ టిఫిన్ ప్లేట్లు పట్టుకుని అది అయ్యేదాకా నిలబడుతుంది.