నాటితే అడవి వస్తుందా?

చిరంజీవులందరికీ ఆశీస్సులు.

"చెట్లు కొట్టేస్తే ఏమైంది తాతయ్యా, మళ్ళీ నాటుకోవచ్చు కదా!" అని అడిగారు. మంచి ప్రశ్నే. జవాబు బ్రెజిల్‌లో ఉంది.

మన దేశానికి రెండున్నర రెట్లు పెద్దది బ్రెజిల్. అన్ని నదులున్నా, అప్పట్లో రాజధాని అయిన రియో డి జనీరో 19వ శతాబ్దంలో మంచినీళ్ళకు కటకటలాడింది. నగరాన్ని ఆనుకుని ఉన్న టిజూకా కొండలమీద అడవి నరికి కాఫీ తోటలు వేశారు. వాన నీటిని పట్టి ఉంచే నేల కొట్టుకుపోయింది, వాగులు సన్నబడ్డాయి. దాంతో 1861లో చక్రవర్తి రెండో పెడ్రో అడవిని తిరిగి పెంచమని మేజర్ ఆర్చర్‌కు అప్పగించాడు. ఆయన 13 ఏళ్ళలో దాదాపు లక్ష మొక్కలు నాటించాడు. పేరు మేజర్‌ది, చెమట బానిసలది. ఎలెయుతేరియో, కాన్‌స్టాంటినో, మాన్యుయెల్, మాతెయుస్, లియోపోల్డో, మరియా అనే ఆరుగురు ఆ పని మొదలుపెట్టారు. బ్రెజిల్‌లో బానిసత్వం 1888 దాకా రద్దు కాలేదు. ఆ ఆరు పేర్లూ గుర్తుంచుకోండి.

మిగిలిన ఖాళీలను చుట్టుపక్కల మిగిలిన అడవి తన విత్తనాలతో తానే పూడ్చుకుంది. ఇవాళ అక్కడ కొండలన్నీ పచ్చగా ఉన్నాయి, 1961లో జాతీయ పార్కు కూడా అయింది. అయితే మీ మాటే నిజమైనట్టేనా? తొందరపడకండి.

చెట్లు వచ్చాయి గాని, జంతువులు రాలేదు. వేటవల్లా, చుట్టూ నగరం పెరగడంవల్లా చాలా జాతులు అక్కడ కనుమరుగయ్యాయి. కుందేలంత ఉండే అగూటీ అనే ఎలుక జాతి జంతువు పెద్ద గింజలను కొన్ని తిని, కొన్ని తరవాతికని మట్టిలో దాస్తుంది. దాచి మరిచిపోయినవే మొలకెత్తుతాయి. అగూటీ లేకపోతే ఆ గింజలు తల్లిచెట్టు కిందే పడి కుళ్ళిపోతాయి. అలాగే హౌలర్ కోతులు పండ్లు తిని వేసే రెట్టను పేడపురుగులు దొర్లించుకుపోయి పూడ్చడంతో అందులోని గింజలు మొలుస్తాయి. అందుకే శాస్త్రవేత్తలు 2010 నుంచి అగూటీలను, 2015లో హౌలర్ కోతులను తెచ్చి ఆ అడవిలో వదిలారు. ఆ కోతుల అరుపు టిజూకాలో వినిపించి అప్పటికి వందేళ్ళకు పైనే అయింది!

ఇంకో తమాషా. మనం ఇష్టంగా తినే పనస కూడా అక్కడికి చేరింది. ఆసియా నుంచి పోర్చుగీసువారు తీసుకెళ్ళిన చెట్టు అది. ఇప్పుడు స్థానిక చెట్లకు చోటు లేకుండా చేస్తోందని అక్కడివాళ్ళు తల పట్టుకుంటున్నారు. ఏ చెట్టయినా మంచిదే అనుకుని నాటడానికి లేదన్నమాట.

ఇక అమెజాన్ సంగతి. అట్లాంటిక్ మీదుగా వచ్చిన తేమ అక్కడ వానై కురుస్తుంది. చెట్లు ఆ నీటిని వేళ్ళతో పీల్చి ఆకులనుంచి మళ్ళీ గాలిలోకి వదులుతాయి. ఆ తేమ పడమరకు సాగి, ఆండీస్ పర్వతాలకు తగిలి దక్షిణానికి మళ్ళుతుంది. దూరంగా ఉన్న పొలాలకు, పట్టణాలకు కొంత వాన అలా అందుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని 'ఎగిరే నదులు' అంటారు. అడవి నరికితే ఆ నది సన్నబడుతుంది, నష్టపోయేది అక్కడి రైతే.

ఇప్పుడు చిన్న లెక్క వేయండి. టిజూకా పార్కు విస్తీర్ణం సుమారు 40 చదరపు కిలోమీటర్లు. 2004లో అమెజాన్‌లో ఒక్క ఏడాదిలో నరికేసిన అడవి దాదాపు 27,800 చదరపు కిలోమీటర్లు. అంటే సుమారు ఏడువందల టిజూకాలు! నాటి పూడ్చగలరా?

పూడ్చలేరని గ్రహించి నరకడాన్నే ఆపే పనికి దిగారు. రబ్బరు సేకరించే కుటుంబంలో పుట్టిన మరీనా సిల్వా అప్పటి పర్యావరణ మంత్రి. ఉపగ్రహాలతో కాపలా, రక్షిత ప్రాంతాలు, అక్రమంగా నరికేవారిపై చర్యలు కలిసొచ్చి 2012 నాటికి నరికివేత 4,600 చదరపు కిలోమీటర్ల దరిదాపుకు దిగింది. తరవాత కాపలా సడలింది, 2021లో మళ్ళీ 13,000 దాటింది. 2023లో ఆవిడే మళ్ళీ మంత్రి అయ్యారు, సంఖ్య మళ్ళీ తగ్గింది.

ఇట్లు,
మీ తాతయ్య