కోతికి అరటిపండు, పావురానికి జొన్నలు: నిబంధన ఏదీ?

మక్కా మసీదు ముందు పావురాలకు జొన్నలు చల్లడం హైదరాబాద్‌లో ఎప్పటి నుంచో ఉన్నదే. ఆంజనేయస్వామి గుళ్ల దగ్గర కోతులకు అరటిపండ్లు పెట్టేవాళ్లకూ కొదవ లేదు. పెట్టే చేతిలో దయ ఉంది, భక్తి ఉంది. కానీ ఒక ఫ్లాట్‌వాళ్లు గింజలు పెడితే కింది ఫ్లాట్ బాల్కనీ అంతా రెట్టలే. ఒక ఇంట్లో పండు తిన్న కోతి పక్కింటి వంటగదిలోకి దూరుతుంది. అక్కడ మొదలైన గొడవను తీర్చే నిబంధన దొరకడమే కష్టం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం తెచ్చినప్పుడు భయమంతా వేట గురించే. ఎర వేయడం కూడా వేట కిందికే వస్తుందని అందులో రాశారు. ప్రేమతో తిండి పెట్టడం అప్పట్లో ఎవరికీ సమస్యగా తోచినట్టు లేదు. 1991 సవరణతో జూలకు ప్రత్యేక అధ్యాయం చేర్చారు. జూలో జంతువులకు తిండి పెట్టకూడదని 38-జె సెక్షన్ సూటిగా చెబుతుంది. అంటే నెహ్రూ జూపార్కులో కోతికి పల్లీలు విసిరితే నేరం. మన ప్రహరీ మీద కూర్చున్న కోతి విషయంలో చట్టం అంత సూటిగా మాట్లాడదు.

ఈలోగా కోతులు ఊళ్లలోకి వచ్చేశాయి. 2015లో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ముఖ్యమంత్రి కేసీఆర్ 'వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె' అన్నారు. అడవిలో పండ్ల చెట్లు పెరిగితే అవి తిరిగి వెళ్తాయన్నది ఆశ. 2020 డిసెంబర్‌లో నిర్మల్ దగ్గర కోతుల సంరక్షణ కేంద్రం కూడా ప్రారంభించారు, అక్కడ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తారు. కానీ రోజూ తిండి దొరికే గోడను వదిలి ఏ కోతి అడవికి పోతుంది? మనం పెట్టే పండూ, మూత లేని చెత్తబుట్టా కలిసి ఆ ప్రయత్నాలను వెనక్కి లాగుతున్నాయి.

ఇంకో చిక్కు 2022 సవరణతో వచ్చింది. ఉత్తరాదిలో ఎక్కువగా కనిపించే, ఇప్పుడు మన దగ్గరా విస్తరించిన రీసస్ కోతిని చట్టం షెడ్యూళ్ల నుంచి, అంటే అది కాపాడే జంతువుల జాబితాల నుంచి, తీసేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. అటవీ శాఖ రావాలా, మున్సిపాలిటీ రావాలా అన్న ప్రశ్న అప్పటి నుంచి మరింత ముదిరింది.

ఆశ్చర్యం ఏమిటంటే, కుక్కల విషయంలో మాత్రం తిండి పెట్టే నిబంధన చక్కగా రాసి ఉంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. ఆ బాధ ఈ నగరం ఇంకా మరిచిపోలేదు. మరుసటి నెలలో వచ్చిన కేంద్ర జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం కాలనీ సంఘం ఒక చోటు, ఒక టైమ్ ఖరారు చేయాలి. ఆ చోటు పిల్లలు ఆడుకునే స్థలానికి, మెట్లకు, గేటుకు దూరంగా ఉండాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దని, వార్డుల్లో ప్రత్యేక స్థలాలు ఏర్పాటు చేయాలని చెప్పింది.

పావురాల సంగతి ముంబైలో తేలడం మొదలైంది. పావురాల రెట్టల దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందన్న డాక్టర్ల మాటతో 2025లో అక్కడి కార్పొరేషన్ పావురాలకు గింజలు వేసే దాదర్ కబూతర్‌ఖానాను మూసింది. జనం రోడ్డెక్కారు, వ్యవహారం హైకోర్టుదాకా వెళ్లింది. అలాంటి గొడవ ఇక్కడ ముదరక ముందే, కుక్కలకు రాసినట్టుగా కోతులకూ పావురాలకూ చోటు, టైమ్, హద్దు రాయాలి. ఆ పని జీహెచ్‌ఎంసీ, అటవీ శాఖ ఒకే బల్ల దగ్గర కూర్చుని చేయాలి, కాలనీ సంఘాలను కూడా పిలవాలి.