కుక్కకి కూడా వీసా కావాలా డాక్టరుగారూ?

అమలాపురంలో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేస్తుంటాను. కోనసీమలో విదేశాలతో సంబంధం లేని ఇల్లు తక్కువ. ఒక వీధిలో కువైట్, పక్క వీధిలో డల్లాస్. జూన్, జులై వచ్చిందంటే రోజూ ఎవరో ఒకరు అడుగుతారు: “పై నెల ఫ్లైటండీ. దీన్నేం చెయ్యమంటారు?” వాళ్ళు అలా అడుగుతుంటే, ఆ ‘ఇది’ నా టేబుల్ మీద నిలబడి, తనకంటే ముందు అక్కడెవరు పడుకుని వెళ్ళారో వాసన చూసుకుంటూ ఉంటుంది.

ఆ మాట ఆర్నెల్ల ముందు అడిగి ఉంటే సగం టెన్షన్ ఉండేది కాదు. మళ్ళీ మళ్ళీ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టికెట్లు బుక్ అయ్యాక కుక్క సంగతి చూసుకోవచ్చు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మన దేశంలో రేబీస్ ఉంది. అది లేని దేశాలు మన కుక్కని చూసి ముందు భయపడతాయి. టీకా వేయించామంటే సరిపోదు, ఆ టీకా ఒంటికి పట్టిందని రక్తపరీక్షతో చూపించమంటాయి.

యూరోపియన్ యూనియన్ దేశాల లెక్క చెప్తాను, ఇదొక్కటి అర్థమైతే మిగతావి తేలిక. ముందు మైక్రోచిప్. ఆ తర్వాతే, కావాలంటే అదే రోజు, రేబీస్ టీకా. టీకా పడ్డాక 30 రోజులు ఆగి రక్తం తీయాలి. దాన్ని వాళ్ళు గుర్తించిన ల్యాబ్‌లోనే పరీక్ష చేయించాలి. యాంటీబాడీలు మిల్లీలీటరుకి కనీసం 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లు ఉండాలి. రక్తం తీసిన రోజు నుంచి మళ్ళీ మూడు నెలలు ఆగాలి. అంతా అనుకున్నట్టే జరిగినా నాలుగు నెలలు.

ఒక కుటుంబం జర్మనీ ప్రయాణం పెట్టుకుంది. ఏప్రిల్‌లో టీకా వేయించారు, చిప్ మాత్రం జూన్ 10న నా దగ్గర వేయించారు. చిప్ లేనప్పుడు వేసిన టీకా ఈ కుక్కకే వేశారనడానికి రుజువేమిటి? లేదు. కాబట్టి ఆ టీకా లెక్కలోకి రాదు. అదే రోజు మళ్ళీ వేశాను. జులై 10న రక్తం తీశాం. అంటే అక్టోబరు 10 దాకా కుక్క కదలడానికి లేదు. టికెట్లేమో ఆగస్టుకి. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంటున్న చిన్నపిల్ల మొహం చూడలేకపోయాను. చివరికి తాతగారి దగ్గర ఉంచి వెళ్ళి, దీపావళికి తండ్రి వచ్చి తీసుకెళ్ళాడు. కార్గోలో విడిగా పంపెయ్యొచ్చు కదా అని అడిగారు. యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ ఐదు రోజులకి మించి తేడా వస్తే దాన్ని వ్యాపారం కిందే చూస్తారు, ఆ రూల్స్ వేరు.

ఇంకో సంగతి. ఈ రక్తపరీక్ష ఒకసారి పాసయితే, బూస్టర్ తేదీ తప్పనంతకాలం యూరప్‌కి అది చెల్లుతుంది. బూస్టర్ ఆలస్యమైతే మాత్రం కథ మళ్ళీ మొదటికి. అందుకే, వెళ్ళే ఆలోచన ఇంట్లో మొదలైన రోజే చిప్, టీకా, రక్తపరీక్ష కానిచ్చేయమంటాను. తీరా ప్రయాణం ఆగిపోయినా పోయేది ఆ పరీక్ష డబ్బులే.

అపోహ: ఒక దేశానికి సరిపోయిన కాగితాలు అన్ని దేశాలకీ సరిపోతాయి

“మా తోడల్లుడు కుక్కని అమెరికా తీసుకెళ్ళాడండి, ఏమీ అడగలేదంట.” ఎప్పుడు తీసుకెళ్ళాడు? అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి కుక్కల రూల్స్ మార్చింది. కుక్కకి కనీసం ఆరు నెలల వయసుండాలి, చిప్ ఉండాలి. భారత్ రేబీస్ ప్రమాదం ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి, ఇక్కడ టీకా వేయించిన కుక్క వాళ్ళు చెప్పిన కొన్ని ఎయిర్‌పోర్టుల్లోనే దిగాలి, అక్కడి జంతు సంరక్షణ కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకోవాలి. రక్తపరీక్ష రిపోర్టు లేకపోతే 28 రోజుల క్వారంటైన్, ఖర్చు మనదే. పిల్లికి ఇంత తతంగం లేదు, దిగే రాష్ట్రం ఏమడుగుతుందో చూసుకుంటే చాలు.

ఆస్ట్రేలియా అన్నిటికన్నా కష్టం. భారత్ నుంచి కుక్కనైనా పిల్లినైనా నేరుగా తీసుకెళ్ళనివ్వరు. వాళ్ళు ఒప్పుకున్న మరో దేశంలో నెలల తరబడి ఉంచి, అక్కడి నుంచి తీసుకెళ్ళాలి. దిగాక మెల్‌బోర్న్ దగ్గర క్వారంటైన్ ఎలాగూ ఉంటుంది. చదువుకోడానికి వెళ్ళే పిల్లలకి నేను మొహమాటం లేకుండా చెప్పేస్తాను: వద్దు, ఇక్కడే మంచి ఇల్లు చూడండి. బ్రిటన్‌కి విమానంలో మన సీటు కింద పెట్టుకుని తీసుకెళ్ళడం కుదరదు, కార్గోలోనే వెళ్ళాలి. పైగా కుక్క దిగడానికి 24 గంటల ముందు నుంచి 120 గంటల ముందు దాకా ఉన్న వ్యవధిలోనే బద్దెపురుగుల మందు వేయించి, డాక్టరు చేత రాయించాలి. ఆ గంటలు తప్పితే గొడవే. దుబాయ్‌కి ముందుగా పర్మిట్ తీసుకోవాలి. పిట్‌బుల్ లాంటి జాతుల్ని అసలు రానివ్వరు.

ఈ రూల్స్ మారుతూ ఉంటాయి. తోడల్లుడి మాట, నా మాట కూడా పక్కన పెట్టి, వెళ్ళే దేశం ప్రభుత్వ వెబ్‌సైట్ చూడండి.

అపోహ: చిప్ వేస్తే కుక్క ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది

కనిపించదు. బియ్యపుగింజ కంటే కొంచెం పెద్దది, మెడ వెనక చర్మం కింద ఉంటుంది. బ్యాటరీ లేదు. స్కానర్ దగ్గర పెడితే 15 అంకెల నంబరు చూపిస్తుంది, అంతే.

అపోహ: మన ఊరి డాక్టరు సంతకం ఉంటే చాలు

నా సంతకానికి నా క్లినిక్ గోడల మధ్య మంచి విలువే ఉంది. దేశం దాటాలంటే కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయం ధ్రువపత్రం కావాలి. మనకి దగ్గరలో ఉన్నది శంషాబాద్‌లో. ప్రయాణానికి కొద్ది రోజుల ముందే అది తీసుకోవాలి. కోనసీమ నుంచి కారులో రాత్రంతా ప్రయాణం చేసి తీసుకెళ్ళిన కుక్కని అక్కడ ఏ కాగితం తప్పుందనో వెనక్కి పంపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ తప్పు చాలావరకు టీకా కార్డులోనే ఉంటుంది. మీ కార్డు ఇప్పుడే తీసి చూడండి. టీకా సీసా మీది స్టిక్కరు అంటించారా? బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా? ఒక కార్డులో తేదీ ఉండాల్సిన చోట “సంక్రాంతి తర్వాత” అని రాసి ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రాసింది మా వృత్తివాళ్ళే.

అపోహ: నిద్రమందు ఇచ్చేస్తే హాయిగా పడుకుని వెళ్ళిపోతుంది

ఇవ్వను. మత్తులో బీపీ పడిపోతుంది, ఒంటి వేడి అదుపులో ఉండదు, బోను ఊగినప్పుడు కాళ్ళు నిలదొక్కుకోలేదు. చూడడానికి పక్కన మనిషి ఉండడు. మత్తులో ఉన్న జంతువుని చాలా విమానసంస్థలు ఎక్కించుకోవు కూడా. పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కువాటికి మామూలప్పుడే ఊపిరి కష్టం. వాటిని చాలా సంస్థలు ముందే వద్దంటాయి.

మందు కంటే బోను అలవాటు చెయ్యడమే మేలు. రెండు నెలల ముందే కొని, తలుపు తీసి హాల్లో పడేయండి. నిలబడడానికీ, తిరగడానికీ, పడుకోడానికీ చోటుండాలి. ఒక ఇంటి పిల్లి బోను దరిదాపులకి వచ్చేది కాదు. లోపల ఎండు మెత్తళ్ళు నాలుగు వెయ్యమన్నాను. మొదటిరోజు చెయ్యి చాపి ఒకటి లాక్కుని పారిపోయింది. వారానికి తల దూర్చింది. మూడో వారానికి పక్కింటి పిల్లిని రానివ్వకుండా బోనులో కూర్చుని గుర్రుమంటోంది.

అపోహ: ఊరకుక్కని విమానం ఎక్కించుకోరు

ఎక్కించుకుంటారు. పొడుగు మూతి, గట్టి ఒళ్ళు. పగ్ కంటే మన ఊరకుక్కే ప్రయాణానికి అనువైనది. పాస్‌పోర్టులో మన కులం అడగనట్టే, దాని జాతి దగ్గర ‘మిక్స్‌డ్’ అని రాస్తే సరిపోతుంది.

రామచిలక సంగతి కూడా అడుగుతుంటారు. మన చిలకని పంజరంలో పెంచడమే వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఇక విదేశం మాటెక్కడిది? నక్షత్ర తాబేలూ అంతే.

అపోహ: అమ్మ ఉంది కదా, చూసుకుంటుంది

తీసుకెళ్ళడం కుదరని వాళ్ళే ఎక్కువ. అందులో తప్పేమీ లేదు. కానీ “అమ్మ చూసుకుంటుంది” అనడం ఏర్పాటు కాదు. అమ్మని అడిగారా? ఆవిడ ‘సరేరా’ అంది, ఎందుకంటే కొడుకు వెళ్తున్నాడు, ఆ సమయంలో కాదనలేదు.

ఒకావిడకి డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. కొడుకు లాబ్రడార్‌ని అప్పగించి కెనడా వెళ్ళాడు. ముప్పై ఐదు కిలోలు. వానాకాలం పాచి పట్టిన నూతి గట్టు దగ్గర అది పిల్లిని చూసి గొలుసు లాగింది, ఆవిడ పడిపోయి చెయ్యి విరిగింది. అప్పటి నుంచి దాన్ని కట్టేసే ఉంచారు. నా దగ్గరికి తెచ్చేసరికి చెవుల్లోపల ద్రాక్షగుత్తుల్లా గోమార్లు, చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. టిక్ ఫీవర్, అంటే గోమార్ల వల్ల వచ్చే జ్వరం. ఆవిడ కట్టు వేసిన చేత్తో కళ్ళొత్తుకుంటూ, “వాడితో చెప్పకండి బాబూ, అక్కడ బెంగెట్టుకుంటాడు” అంది. ఆవిడ తప్పు ఇందులో ఆవగింజంత లేదు.

పెద్దవాళ్ళ దగ్గర వదిలితే మూడు సంగతులు ముందే తేల్చండి. రోజూ నడిపించే మనిషెవరు, నెలకి డబ్బు ఎవరు ఎంత పంపుతారు, జబ్బు చేస్తే క్లినిక్‌కి ఎవరు తెస్తారు. ఇవి తేలకపోతే వేరే ఇల్లు చూడండి. అమ్మకి కుక్కంటే ఎంత ప్రేమో నన్ను నమ్మించక్కర్లేదు, నాకు తెలుసు.

అపోహ: చెరువు గట్టు మీద వదిలేస్తే ఏదో ఒకటి తిని బతుకుతుంది

రొయ్యల చెరువుల దగ్గర, కొబ్బరితోటల్లో, లంకల్లో వదిలేస్తారు. “అక్కడ బోలెడు కుక్కలున్నాయండి, వాటితో కలిసిపోతుంది.” కలవదు. ప్రతి గట్టుకీ ఓ కుక్కల గుంపు కాపలా. కొత్తది వస్తే తరిమి కరుస్తాయి. సోఫా మీద పెరిగిన కుక్కకి ఎటు పరిగెత్తాలో కూడా తెలీదు. లంకలయితే మరీను. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే మనుషులే పడవలెక్కి బయటపడతారు. జంతువుని ఆకలిదప్పులతో మాడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ అంకె చూసి నవ్వేవాళ్ళుంటారని తెలిసే రాస్తున్నాను.

పిల్లిని గోనెసంచిలో కట్టి ఏటి అవతల వదిలితే తిరిగి రాదనే పాత మాట కూడా ఇలాంటిదే. తిరిగి రాకపోవడానికి కారణం, అది బతికి లేకపోవడం కావచ్చు. పిల్లి ఇంటిని నమ్ముకుంటుందన్న మాటలో కొంత నిజముంది. కాబట్టి కొత్త ఇంట్లో రెండు మూడు వారాలు ఒక గదిలో ఉంచి అలవాటు చెయ్యాలి, తర్వాతే బయటికి వదలాలి.

“ముసలిదైపోయింది, ఇంజెక్షన్ ఇచ్చెయ్యండి” అనేవాళ్ళకి ఒకటే జవాబు. నొప్పితో, కోలుకోలేని జబ్బుతో ఉంటే ఆ మాట నేనే ముందు ఎత్తుతాను. మీ ఫ్లైట్ టైముకి మాత్రం చెయ్యను.

అపోహ: కొత్తవాళ్ళకి ఇస్తే అన్నం మానేసి చచ్చిపోతుంది

బెంగ పెట్టుకుంటుంది, నిజమే. కొన్ని రోజులు గేటు దగ్గరే పడుకుంటుంది. చాలా కుక్కలు కొన్ని వారాల్లో కొత్త ఇంటికి అలవాటు పడిపోతాయి. అది విని కొందరు యజమానులు చిన్నబుచ్చుకుంటారు కూడా. ఇచ్చే ముందు రెండు మూడుసార్లు ఆ ఇంటికి తీసుకెళ్ళండి. తినే తిండి, పడుకునే పాత దుప్పటి, టీకా కార్డు అన్నీ ఇవ్వండి. దుప్పటి ఉతక్కండి, మీ వాసన ఉండాలి. కుక్క రెండు రోజులు దాటి ముట్టకపోతే డాక్టరుకి చూపించాలి. పిల్లి అయితే అంత కూడా ఆగకూడదు, తిండి మానేస్తే దాని కాలేయం త్వరగా దెబ్బతింటుంది.

నేను చూసినవాటిలో మంచి ఏర్పాటు చేసింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కాదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్తున్న ఒకావిడ. యజమాని ఇంట్లో ఉండి పనిచేసేవాళ్ళు కుక్కని తీసుకెళ్ళే ప్రసక్తే లేదు. వెళ్ళడానికి రెండు నెలల ముందు చెల్లెల్ని, గోధుమరంగు ఊరకుక్కని వెంటబెట్టుకుని వచ్చింది. “గోమార్లు ఎలా తియ్యాలో దీనికి నేర్పండి బాబూ” అంది, కుక్కకి కాదు, చెల్లెలికి. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని తిన్నగా లాగడం చూపించాను. ఆ పిల్ల భయపడుతూనే నాలుగు తీసింది. ఆవిడ కాగితం మీద రాయించుకుంది: పూటకి రెండు గరిటెల అన్నం, గుడ్డు, ఏడాదికోసారి టీకా, నా ఫోన్ నంబరు. నెలకి వెయ్యి రూపాయలు కుక్క పేరు మీద విడిగా పంపుతుంది, ఇంటి ఖర్చులో కలపదు.

టీకా తేదీ ముందురోజు కువైట్ నుంచి చెల్లెలికి వాయిస్ మెసేజ్ వస్తుంది. మొన్న మంగళవారం కూడా చెల్లెలూ కుక్కా వచ్చారు. చెల్లెలు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చింది.