స్పానిష్ వ్యాకరణం: తెలుగు విద్యార్థుల అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: ఇంగ్లీషు వ్యాకరణం గట్టిగా వస్తేనే స్పానిష్ వ్యాకరణం పట్టుబడుతుంది.

వాస్తవం: నా దగ్గర స్పానిష్ నేర్చుకునే తెలుగువారిలో ఎక్కువమంది ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులోకి మార్చుకొని, ఆ తరువాతే అర్థం చేసుకోబోతారు. సులువైన చోట కూడా వారు తడబడడానికి ఈ చుట్టుదారే కారణం. కాఫీ ఇష్టమని చెప్పడానికి స్పానిష్‌లో ‘మె గుస్తా ఎల్ కఫే’ అంటారు. ‘మె’ అంటే ‘నాకు’. ఈ వాక్యంలో కర్త కాఫీయే కాబట్టి క్రియ కాఫీని అనుసరించి ఉంటుంది, ఇష్టమైనవి మామిడిపళ్ళయితే అదే క్రియ బహువచనంలోకి మారి ‘మె గుస్తాన్ లోస్ మాంగోస్’ అవుతుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చినవారు ‘నేను’ అనే కర్త కోసం వెతికి ‘యో గుస్తో ఎల్ కఫే’ అని తప్పు రాస్తారు. ‘నాకు తల నొస్తోంది’ అన్న మాటను ‘మె ద్వేలె లా కబేసా’ పక్కన పెట్టి చూడండి, నాకు, నొప్పి, తల అనే మూడింటి సంబంధం రెండు భాషల్లోనూ ఒకటే.

ఇంతకంటే నాకు ప్రియమైన పోలిక మరొకటి ఉంది. తెలుగులో ‘ఇల్లు చూశాను’ అంటే సరిపోతుంది కానీ ‘మరియా చూశాను’ అనలేము, ‘మరియాను చూశాను’ అని ద్వితీయా విభక్తి చేర్చి తీరాలి. స్పానిష్ కూడా ‘బేఓ లా కాసా’ అని ఇంటిని ఊరకే వదిలి, ‘బేఓ ఆ మరీయా’ అని ఫలానా మనిషి ముందు మాత్రం ‘ఆ’ చేరుస్తుంది. రెండు నియమాలూ అన్ని చోట్లా అచ్చంగా ఒకటే అనను, అయినా మొదటి ఏడాది చదువుకు ఈ పోలిక ధారాళంగా సరిపోతుంది.

అపోహ: ‘ఉండు’, ‘అవు’ అనే అర్థాలిచ్చే రెండు స్పానిష్ క్రియల్లో ‘సేర్’ శాశ్వతమైన వాటికి, ‘ఎస్తార్’ తాత్కాలికమైన వాటికి వాడాలి.

వాస్తవం: ఎన్నో తరగతి గదుల్లో మొదటి వారమే చెప్పే ఈ సూత్రం విద్యార్థులకు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుందని నా నమ్మకం. మరణంకన్నా శాశ్వతమైనది ఏముంది? అయినా చనిపోయినవాడి గురించి స్పానిష్‌లో ఎస్తార్‌తో ‘ఎస్తా ముయేర్తో’ అనే అంటారు. మాద్రిద్ నగరం ఎక్కడికీ కదిలిపోదు, దాని చోటు చెప్పడానికీ ఎస్తారే కావాలి. మరోవైపు విద్యార్థి దశ కొన్నేళ్ళలో ముగిసేదే అయినా ‘సోయ్ ఎస్తుదియాంతె’ అని సేర్‌నే వాడతారు.

ఈ విషయంలో కాలవ్యవధికన్నా తెలుగే మంచి ఆధారం. ‘ఆమె డాక్టరు’, ‘ఇల్లు పెద్దది’ అని మనం క్రియ లేకుండా చెప్పే చోట సాధారణంగా సేర్ వస్తుంది. ‘ఆమె ఇంట్లో ఉంది’, ‘అలసటగా ఉంది’, ‘తలుపు తెరిచి ఉంది’ అని ‘ఉండు’ ధాతువు అవసరమైన చోట ఎస్తార్ వస్తుంది. ‘ఎస్తా ముయేర్తో’ కూడా ‘చనిపోయి ఉన్నాడు’ అనే స్థితివాక్యమే. ‘ఎస్ లీస్తో’ అంటే తెలివైనవాడు, ‘ఎస్తా లీస్తో’ అంటే సిద్ధంగా ఉన్నాడు. విశేషణం ఒకటే అయినా క్రియ మారగానే అర్థం మారింది, తెలుగు అనువాదంలో ‘ఉండు’ కూడా రెండోదానిలోనే వచ్చింది. వేడుక జరిగే చోటు చెప్పడానికి సేర్ వాడాలన్న నియమం చాలామందిని కలవరపెడుతుంది. తెలుగులో కూడా ‘పెళ్ళి తిరుపతిలో’ అని క్రియ లేకుండానే చెబుతాము కదా, స్పానిష్‌లో అదే ‘లా బోదా ఎస్ ఎన్ తిరుపతి’.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ‘అందంగా ఉంటుంది’ వంటి గుణవర్ణనలను ముందు ‘అందమైనది’ అని మార్చి చూసుకోవాలి, అక్కడ రావలసింది సేరే. ‘ఇక్కడ ఒక గుడి ఉంది’ అని ఉనికిని చెప్పేటప్పుడు ఈ రెండూ కాక ‘ఐ’ అనే వేరే మాట వస్తుంది.

అపోహ: ‘ఓ’తో ముగిసేవన్నీ పుంలింగం, ‘ఆ’తో ముగిసేవన్నీ స్త్రీలింగం.

వాస్తవం: చాలా పదాలకు ఇది నిజమే. కానీ గ్రీకు నుంచి వచ్చిన ప్రొబ్లేమా (సమస్య), సిస్తేమా (వ్యవస్థ), ఇదియోమా (భాష) పుంలింగాలు, పగలు అనే అర్థంగల ‘దీయా’ కూడా అంతే, చెయ్యి అనే అర్థంగల ‘మానో’ స్త్రీలింగం. అందుకే నామవాచకాన్ని ఎప్పుడూ ఒంటరిగా కాక ‘ఎల్ ప్రొబ్లేమా’, ‘లా మానో’ అని, లింగాన్ని చూపే ‘ఎల్’ (పుం.), ‘లా’ (స్త్రీ.) అనే ఉపపదంతో కలిపే నేర్చుకోవాలి.

ఇక్కడ తెలుగు మనకు సాయపడదు. తెల్ల గుర్రం, తెల్ల గుర్రాలు అంటాము, విశేషణం కదలదు. స్పానిష్‌లో మాత్రం లీబ్రో బ్లాంకో (తెల్ల పుస్తకం), కాసా బ్లాంకా (తెల్ల ఇల్లు), కాసాస్ బ్లాంకాస్ (తెల్ల ఇళ్ళు) అని నామవాచకంతోపాటు విశేషణమూ మారుతుంది. పైగా మనం ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని లింగాన్ని క్రియలో చూపుతాము, స్పానిష్‌లో ఇద్దరికీ ‘బీనో’ ఒక్కటే. చూపు క్రియ నుంచి విశేషణం మీదికి మళ్ళడానికి నెలల సాధన కావాలి.

అపోహ: రెండు భూతకాలాల్లో ఒకటి దగ్గరి గతానికి, రెండోది దూరపు గతానికి.

వాస్తవం: దూరంతో సంబంధమే లేదు. ‘కోమీ’ అంటే ‘తిన్నాను’, పని ముగిసింది. ‘కోమీయా’ అంటే ‘తినేవాణ్ణి’, లేదా ‘అప్పుడు తింటూ ఉన్నాను’.

అపోహ: అచ్చుల మీది గీతలు అలంకారం, రాయకపోయినా పరవాలేదు.

వాస్తవం: మొదటి అక్షరాన్ని ఒత్తి పలికే ‘ఆబ్లో’ అంటే నేను మాట్లాడతాను. చివరి ‘ఓ’ మీద గీత పెట్టి, దానినే ఒత్తి పలికితే అతడు లేదా ఆమె మాట్లాడినట్టు. ఆ ఒక్క గీత పురుషనూ కాలాన్నీ రెండింటినీ మార్చేస్తుంది.